తువాలు కింద బేరం

"చెయ్యియ్యి భాయ్," అన్నాడు నెహెమ్యా, భుజం మీది తువాలు తీస్తూ.

నూర్ మొహమ్మద్ చెయ్యిచ్చాడు. ఇద్దరి చేతుల మీదా తువాలు పడింది. దాని కింద నెహెమ్యా వేళ్లు నూర్ మొహమ్మద్ వేళ్లను ఒక్కొక్కటిగా పట్టి నొక్కాయి. పశువుల సంతలో బేరం ఇట్లాగే చేస్తారు. ధర నోటితో చెప్పరు, వేళ్లతో చెబుతారు. పక్కవాడికి తెలియకూడదు కదా!

ఇక్కడ పక్కవాడెవడూ లేడు. నరసరావుపేటలోని ఆ పెంకుటింట్లో ఉన్నది వాళ్లిద్దరే. అయినా నెహెమ్యా పద్ధతి మార్చడు. పశువుల దళారీ బుద్ధి ఎక్కడికి పోతుంది!

"చాలదు," అన్నాడు నూర్ మొహమ్మద్, ఎప్పటిలాగే.

"ఏంది భాయ్, ఇదీ చాలదా? ఈ ధర పెడితే మంచి కోడె వచ్చుద్ది."

"అయితే కోడెనే కొనుక్కో. చేతికి కట్టుకుని తిరుగు."

ఇద్దరూ నవ్వుకున్నారు. బేరం వచ్చే వారం సంతకు వాయిదా పడింది. నూర్ మొహమ్మద్ టీ పెట్టడానికి లేచాడు.

బేరమంతా ఒక వాచీ గురించి. కీ ఇచ్చే పాత స్విస్ వాచీ. డయలు మోదుగపూల రంగు. కుర్రాళ్లంతా బ్యాటరీ వాచీల మోజులో పడ్డ రోజులవి. నూర్ మొహమ్మద్‌కు మాత్రం రంగు డయలున్న పాత వాచీ కనపడితే చాలు, కొనకుండా ఉండలేడు. పొగాకు కంపెనీ గుమాస్తాగా తెచ్చుకున్న జీతంలో చానా భాగం వాటికే పోసేవాడు. "నన్ను గూడా ఆ పెట్టెలో పెట్టి తాళమెయ్యి," అని భార్య గుల్షన్ దెప్పేది. ఆమె పోయింది. పిల్లల్లేరు. ఇప్పుడు ఇంట్లో చప్పుడు చేసేవి వాచీలే. కీ ఇవ్వడం మరిచిపోయిన రోజున ఆ చప్పుడు కూడా ఉండదు. ఇల్లు మింగడానికి వస్తున్నట్టుంటుంది.

నెహెమ్యాది నూజెండ్ల. ఒక సంత నాడు టీ కొట్లో పక్కన కూర్చుని, నూర్ మొహమ్మద్ చేతికున్న ఆ వాచీ చూశాడు. గ్లాసులో టీ చల్లారిపోయింది గానీ చూపు తిప్పుకోలేదు. చివరికి, "ఎంతకిస్తావు భాయ్?" అన్నాడు. అప్పట్నుంచి సంతకొచ్చిన ప్రతిసారీ ఇంటికొస్తున్నాడు. అతనికీ నా అన్నవాళ్లు లేరట. ఈ దళారీ పనిలోకి రాకముందు ఏం చేసేవాడివని అడిగితే మాత్రం మాట దాటేసేవాడు.

నూర్ మొహమ్మద్ ఆ వాచీ అమ్మకపోవడానికి కారణం వేరే ఉంది. ఆ డయలు అసలుది కాదు. కొన్న కొన్నాళ్లకు నూనె వేయించడానికి మూత తీయిస్తే, అంచు కింద తెల్లరంగు బయటపడింది. ఏ బెజవాడ సందులోనో ఎవడో మామూలు తెల్ల డయలుకు రంగు పూసి, అంకెలు కొత్తగా దిద్దాడు. తొమ్మిది తోక కాస్త వంకరపోయింది కూడా. 'వీడి చెయ్యి పడిపోను!' అని ఆ రోజు నోరారా తిట్టుకున్నాడు నూర్ మొహమ్మద్.

అమ్మితే నెహెమ్యా మోసపోతాడు. నిజం చెబితే రావడం మానేస్తాడు. అతనే రాకపోతే ఇక మాట్లాడేదెవరితో? నూర్ మొహమ్మద్‌కు అదే బెంగ. అందుకే ప్రతి సంతకూ "చాలదు" అనేవాడు. వాచీ చూపించేటప్పుడల్లా ఆ తొమ్మిది మీద బొటనవేలు ఆనించి పట్టుకునేవాడు.

నెహెమ్యా కూడా భలేవాడు! నోరు తెరిచి పళ్లు చూడందే ఎద్దు పగ్గం ముట్టని మనిషి, వాచీ మూత తియ్యమని ఒక్కసారీ అడగలేదు. తువాలు కింద అతని చెయ్యి సన్నగా వణికేది. పాపం, ఎంత ఆశపడుతున్నాడో అనుకునేవాడు నూర్ మొహమ్మద్.

తర్వాతి సంత నాడు నెహెమ్యా వచ్చి కూర్చున్నాడో లేదో, వాకిట్లో కారు ఆగింది. దిగినాయన గుంటూరు ప్లీడరు హనుమంతరావు. పాత వాచీలు పోగేస్తాడట. ఇక్కడ రంగు డయళ్లున్నాయని ఎవరో చెబితే వచ్చాడు. కంటికి అద్దం బిగించి పెట్టె ముందు కూర్చున్నాడు.

"ఈ నీలం అసలుది. ఈ ఆకుపచ్చ దొరకడం కష్టం, జాగ్రత్తగా దాచుకోండి," అంటూ మోదుగపూల రంగు వాచీ పైకెత్తాడు.

"అది అమ్మేది కాదండీ," అన్నాడు నూర్ మొహమ్మద్ గబగబా.

"అమ్మినా కొనేవాడుండడు సాయిబు గారూ. ఇది తెల్ల డయలు. మీద రంగేశారు. ఈ తొమ్మిది తోక చూడండి, ఎట్లా పోయిందో! దీనికి విలువేం లేదు."

ప్లీడరు నీలం వాచీ అడిగాడు. నూర్ మొహమ్మద్ ఇవ్వనన్నాడు. కారు వెళ్లిపోయింది.

నెహెమ్యా తలొంచుకుని కూర్చున్నాడు.

"నాకు ముందే తెలుసు నెహెమ్యా," అన్నాడు నూర్ మొహమ్మద్. "చెబితే నువ్వు రావని చెప్పలా. నాకు మాట్లాడే మనిషివి నువ్వొక్కడివే. తప్పయిపోయింది."

నెహెమ్యా లేచాడు. వెళ్లిపోతున్నాడు, ఇక రాడు, అనుకున్నాడు నూర్ మొహమ్మద్. నెహెమ్యా దగ్గరికొచ్చి కూర్చున్నాడు. భుజం మీది తువాలు తీశాడు.

"చెయ్యియ్యి భాయ్."

వేళ్లు నొక్కాయి. పోయిన సంతలో చెప్పిన ధరే. ఏమీ తగ్గలేదు.

"పిచ్చా నీకు? ఆయన చెప్పింది వినలేదా? ఇంకా ఏంది బేరం?" అన్నాడు నూర్ మొహమ్మద్.

తువాలు కింద నెహెమ్యా చెయ్యి ఎప్పటికన్నా ఎక్కువగా వణుకుతోంది.

"ఆ తొమ్మిది తోక వంకరపోయిన రోజే భాయ్, ఈ చెయ్యి ఇంక కుంచె పట్టదని నాకు తెలిసింది."