చదవదగ్గ పుస్తకం

కూతురు జ్వరంతో పోయిన కొన్నాళ్లకు దర్జీ మళ్లీ కుట్టుమిషను ముందు కూర్చుంది. కాళ్లు తొక్కుతున్నాయి, చేతులు గుడ్డను జరుపుతున్నాయి. లోపల మాత్రం ఏదీ కదలడం లేదు.

ఆ మధ్యాహ్నం నర్సు కొట్లోకి వచ్చింది. బడి గేటు దగ్గర పిల్లల కోసం నిలబడి, చదివిన పుస్తకాల ముచ్చట్లు చెప్పుకున్న స్నేహం వాళ్లది. "చిన్న పుస్తకమైతేనే చెప్పవే, కుక్కరు కూతకీ కూతకీ మధ్యే నాకు తీరిక" అని దర్జీ నవ్వేది.

పాప పోయాక అందరూ వచ్చి పలకరించారు. నర్సు ఒక్కతే ఆ ఛాయలకు రాలేదు. దానికి దర్జీకి కోపం కూడా రాలేదు.

"ఏమైనా కుట్టాలా?" తలెత్తకుండా అడిగింది.

"లేదక్కా. పుస్తకం తెచ్చా."

"ఇప్పుడు నాకెందుకే అవన్నీ? అక్కడ పెట్టి వెళ్లు."

నర్సు కదల్లేదు. "ఇందులో పిల్లలెవరూ చనిపోరక్కా. చివరిదాకా చదివి చూశా."

మిషను ఆగింది.

"నీకు తీరికెక్కడిదే?"

"బస్సులో, డ్యూటీలో, మావాణ్ణి నిద్రపుచ్చుతూ... ఇన్నాళ్లూ ఇదే పని. నీకిద్దామని ఏది తీసినా, ఎక్కడో ఒకచోట ఓ బిడ్డ పోతోంది. ఒట్టి చేతుల్తో నీ ముందుకు రాలేకపోయా."

దర్జీ లేచి, చేతులు తుడుచుకుని పుస్తకం అందుకుంది. నిలబడే మొదటి పేజీ చదివింది. ఏమీ అనిపించలేదు.

పేజీ తిప్పింది.