జిగురు మీద అప్పీలు

అప్పీలుకు వేళవుతున్నా మా ఆయన ఒక కాలికే బూటు తొడుక్కుని గదిలో అటూ ఇటూ తిరుగుతున్నారు. జిగురు తడిసినా పట్టు వదలకుండా చేసే మందొకటి ఆయన కనిపెట్టారు. "ఇందులో కొత్తేముంది, ఎవరికైనా తట్టేదే" అని పేటెంటు ఆఫీసువాళ్లు దరఖాస్తు కొట్టేశారు.

"ఇవాళ కూడా కాదంటే ఇన్నేళ్ల కష్టం బూడిదలో పోసినట్టే! ఏం చెప్పను వాళ్లకి?"

రెండో బూటు అందిస్తూ, తల దించుకునే అన్నాను.

"అంత తేలికైతే, ఇన్నాళ్లూ ఎవరూ ఎందుకు చెయ్యలేదండీ?"

ఆయన ఠక్కున ఆగిపోయారు. లాయరుకు ఫోన్ చేసి అదే మాట చెప్పి, బూటు లాక్కుని పరుగెత్తారు.

సాయంత్రం గెలిచి వచ్చారు.

"నా మాట పనికొచ్చిందా?" అని మెల్లగా అడిగాను.

"అందులో ఏముందే!" అన్నారు బూట్లు విప్పుతూ. "ఎవరికైనా తట్టేదే."