సూదంటే భయం

"ఈసారి రోజూ ఇంజెక్షన్ పడాలి. పొట్టకి. కాన్పు దగ్గరపడేదాకా ఒక్కరోజు కూడా తప్పకూడదు," అంది డాక్టరమ్మ.

టైలరు పక్కన కూర్చున్న భార్య వెంటనే అందుకుంది.

"అమ్మో, నాకు సూదంటే భయం. ఈయనే వేయాలి."

డాక్టరమ్మ ఏదో అనబోయి, ఆమె మొహం చూసి ఊరుకుంది.

టైలరు తెల్లబోయాడు. "నీకా భయం?"

"ఏం, నాకుండకూడదా? ఊరందరి చొక్కాలకీ గుండీలు కుడతారు కదా, మీ చొక్కా చూసుకోండి. రెండు లేవు."

టైలరు చొక్కా చూసుకున్నాడు. నిజమే, లేవు.

డాక్టరమ్మ కుర్చీ ఆయన వైపు తిప్పుకుంది. "సరే, మీరే వినండి. ఒంట్లో యాంటీబాడీలని ఉంటాయి. బయటి జబ్బుల్ని తరమడం వాటి పని. ఈవిడ ఒంట్లో కొన్ని, పెంపుడు కుక్క ఇంటివాళ్లనే కరిచినట్టు, సొంత ఒంటిమీదే పడుతున్నాయి. దాంతో అక్కర్లేని చోట రక్తం గడ్డకడుతోంది. బిడ్డకి రక్తం అందించే మావిలో గడ్డలు కడితే బిడ్డ నిలవదు. రెండుసార్లూ జరిగిందదే. ఈ మందు గడ్డ కట్టనివ్వదు."

రెండుసార్లూ ఐదో నెల దాటలేదు. రెండోసారి ఆసుపత్రి నుంచి వచ్చాక టైలరు వారం రోజులు షాపులో కూర్చుని దారం ఎక్కించని మిషను తొక్కాడు. "దాని ఒంట్లో అంత జరుగుతుంటే నేను గుమ్మంలో నిలబడ్డానమ్మా, చేతులు ముడుచుకుని," అని తల్లి దగ్గర ఏడ్చాడు. లోపలి గదిలో భార్య వింటూనే ఉంది.

ఇప్పుడు ఆ చేతులకి పనొచ్చింది. వస్తే ఏం లాభం, ఒకటే వణుకు.

కోటు భుజాల్లో పెట్టే స్పాంజి ముక్కని గుచ్చి గుచ్చి సాధన చేశాడు. మర్నాడు పొద్దున్నే భార్యని పడుకోబెట్టి, టేపు తీసి, బొడ్డుకి రెండంగుళాలు కొలిచి, మార్కింగ్ సుద్దతో చిన్న ఇంటూ గుర్తు పెట్టాడు.

"ఏమండీ, పొట్టా, లంగా గుడ్డా?"

"కదలకు. కొలత తప్పుతుంది."

ఆమె పకపకా నవ్వింది. ఆయన సూది పట్టుకోగానే "అమ్మా!" అని అరిచింది.

"ఇంకా గుచ్చలేదే!"

"ముందే అరిస్తే తర్వాత అరవక్కర్లేదని."

ఎలాగో గుచ్చాడు. అయ్యేసరికి ఆయన బనీను తడిసి ముద్దయింది. ఆమె లేచి ఆయనకే మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

ఆ రోజు నుంచి షాపు తెరిచే ముందు అదే పని. ఆమె కళ్లు గట్టిగా మూసుకునేది, నోరు మాత్రం మూసుకునేది కాదు. "చర్మం ఇంకొంచెం పైకి పట్టుకోండి... సూది నిటారుగా... తీశాక రుద్దకండి, కమిలిపోతుంది."

"భయమంటావు, కళ్లు మూసుకుని ఇన్ని వంకలు ఎలా పెడతావే?"

"భయం భయమే, వంకలు వంకలే."

కొలతల పుస్తకంలో ఆమెకో పేజీ కేటాయించాడు. ఎడమ, కుడి, ఎడమ, కుడి. పక్కనే నెలనెలా పొట్ట చుట్టుకొలత. ముప్ఫై మూడు. ముప్ఫై నాలుగున్నర. ఐదో నెల వచ్చేసరికి ఇంటూ గుర్తు పెట్టేటప్పుడు ఆయన వేళ్లు మళ్లీ వణికాయి. "మీ చెయ్యి బాగా కుదిరిందండీ, నొప్పే తెలియట్లేదు," అంది ఆమె. ఆ ముక్కతో వణుకు తగ్గింది.

ఐదో నెల దాటింది. ఆరు, ఏడు, ఎనిమిది. ముప్ఫై తొమ్మిది అంగుళాలు.

ఆడపిల్ల పుట్టింది. కేకలు వేసి ఆసుపత్రి లేపింది. టైలరు పిల్లని ఎత్తుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆనందం పట్టలేక ఆ ఏడుపు. కాన్పయ్యాక ఇంకో ఆరు వారాలు ఇంజెక్షన్లు వేయాలంటే, "దానిదేముంది, మన చేతిలో పనేగా!" అన్నాడు.

ఇక షాపులో ఆయన్ని పట్టడం ఎవరితరం? గుడ్డ కోసేవాడు కోతలు కోయకుండా ఉంటాడా? కొలతలివ్వడానికి వచ్చిన ప్రతివాడికీ అదే కథ.

"రెండొందల యాభై ఇంజెక్షన్లు బాబూ, ఈ చేతుల్తో! మా ఆవిడకి సూది చూస్తే ప్రాణం పోతుంది. నేను లేకపోతే ఏమైపోయేదో పాపం!"

"పోనీలేరా, చెప్పిందే ఎన్నిసార్లు చెప్తావు?" అని తల్లి విసుక్కునేది. భార్య మాత్రం ప్రతిసారీ కొత్తగా విన్నట్టు తలూపేది.

"నిజమే అత్తయ్యా. ఈయన లేకపోతే నావల్ల అయ్యేదా?"

సెలవు ముగిసిన సోమవారం పొద్దున, పిల్లని మొగుడి చేతుల్లో పెట్టి, ఆయన కుట్టిన తెల్ల యూనిఫారం తొడుక్కుని ఆసుపత్రికి వెళ్లిన ఆ పెద్ద నర్సు, ఇంజెక్షన్ల గదిలో బిక్కుబిక్కుమంటూ కూర్చున్న ఓ గర్భిణి చేతికి సూది అందించి, పదకొండేళ్లుగా అందరికీ నేర్పుతున్న పాఠమే మళ్లీ మొదలుపెట్టింది: "దీనికి ఇంకొకరెందుకమ్మా, ఎవరి పొట్టకి వాళ్లు వేసుకోవడం చిటికెలో పని!"