రెండో మనిషి

జెండాలు పట్టుకున్నవాళ్లు వస్తున్నారంటే చాలు, దిల్‌సుఖ్‌నగర్‌లో దుకాణాల షట్టర్లు ఒకదాని వెనక ఒకటి ధడేల్‌మని పడతాయి. పడిన ప్రతిసారీ యోగేందర్ ఉలిక్కిపడుతున్నాడు. అయిదేళ్లుగా జూలో పులుల దగ్గర పనిచేస్తున్న మనిషి షట్టరు చప్పుడుకు గోడకు కరుచుకుపోవడం చూసి పాన్‌డబ్బా అతను నవ్వాడు.

నవ్వితే నవ్వనీ. యోగేందర్‌కు ఇప్పుడున్నది ఒక్కటే పని. స్వరూపరాణి సంతకం పెట్టేలోపు ఆమె ఇంటికి చేరాలి.

పదహారు రోజుల కిందట, సకల జనుల సమ్మెలో బస్సులన్నీ ఆగిపోయిన రోజున, ఆమె భర్త జానయ్య డ్యూటీకి నడిచి వెళ్లి పులి నోట పడ్డాడు. ఆ ఆడపులిని జన్మలో వెలుతురు చూడకుండా చీకటి గదిలో వేయమని ఆమె అర్జీ పెడుతోంది. ఆమె ఎట్లా అంటే అట్లా చేస్తామని జూ అధికారులు ఒప్పుకున్నారు.

అతను చేరేసరికి అర్జీ సిద్ధంగా ఉంది. రాసింది ఇంటి ఓనరు కోటేశ్వరమ్మ. గుంటూరులో టీచరుగా చేసి రిటైరై వచ్చిన మనిషి, దస్తూరీ ముత్యాల కోవ. వీధిలో ఆంధ్రావాళ్లు వెళ్లిపోవాలని కేకలు పెడుతున్నారు గానీ, ఈ ఇంట్లో పదహారు రోజులుగా ఆంధ్రా ఓనరమ్మ వండితేనే తెలంగాణ కిరాయిదారు ఇంత తింటోంది.

"నువ్వైనా చెప్పు నాయనా, మనిషిని చంపిన దాన్ని ఇంకా కూర్చోబెట్టి మేపుతారా?" అంది కోటేశ్వరమ్మ.

"అది కడుపుతోటి ఉన్నదమ్మా," అని యోగేందర్ స్వరూపరాణి వైపు తిరిగాడు. "వదినా, జూల ఉన్న పులులన్నీ ఒక్క తల్లి సంతానమే. వాటిల్ల వాటికే జత గడితె పిల్లలు వంకర కాళ్లతోటి పుడుతున్నయ్. అడవిలకెళ్లి వచ్చింది ఇదొక్కతే. దీన్ని చీకట్ల ఏస్తే కొత్త నెత్తురు మల్ల యాడికెళ్లి వస్తది?"

"మీ అన్న గూడ గిదే చెప్తుండె. అన్నం తినేటప్పుడు గూడ దాని ముచ్చటే. నాకు సవతిని తెచ్చినవా అని నవ్వుతుంటి," అంది స్వరూపరాణి.

అంటూనే అతనికి కంచం పెట్టింది. యోగేందర్ అన్నం కలిపాడు గానీ మెతుకు దిగలేదు. ఈ పదహారు రోజుల్లో మనిషి సగమయ్యాడు. జానయ్య పోయిన మర్నాడే సమ్మె మాని డ్యూటీలో చేరాడు. బోను ముందు నిలబడితే పులి అతన్ని చూడదు. అతని పక్కన ఇంకెవరో నిలబడ్డట్టు అటు చూస్తుంది. ఎల్బీనగర్‌లో తన గదికి వెళ్లి తలుపు వేసుకుంటే, గడియ చప్పుడుకు జానయ్య గొంతు వినిపిస్తుంది. పడ్డదా?

పులి గదిలో పనికి ఇద్దరు కావాలి. ఒకడు వెనక గొలుసు పట్టుకుని ఉంటాడు. పులి లోపలి గదిలోకి పోగానే గొలుసు వదిలితే ఇనుప తలుపు పడుతుంది. ముందున్నవాడికి ఆ తలుపు కనబడదు. "పడ్డదా?" అని కేకేస్తాడు. "పడ్డది" అని వెనక నుంచి వినబడితేనే మాంసం పెట్టడానికి అడుగు వేస్తాడు. ఆ రోజు రిజిస్టర్లో ఉన్నది జానయ్య సంతకం ఒక్కటే. రెండో మనిషి లేకుండానే లోపలికి పోయాడని విచారణలో రాసేశారు.

"ఒక్కడే ఎందుకు పోయిండు యోగీ?" అంది స్వరూపరాణి. "ఇరవై ఏండ్ల సర్వీసు. నిద్రల గూడ పడ్డదా, పడ్డదా అని అడిగేటోడు. జవాబు ఇనకుండ కాలు పెట్టేటోడు గాదు."

యోగేందర్ కలిపిన అన్నాన్నే మళ్లీ కలిపాడు.

"నువ్వు గిట్ల ఎండుకపోకు. బస్సుల్లేకపాయె, ఎల్బీనగర్‌కెళ్లి ఎట్ల వస్తవు? నీ తప్పేం లేదు."

"తప్పు పులిది గాదు వదినా," అన్నాడతను. "తలుపు తెరిచి ఉంటె అది వస్తది. దానికేం ఎరుక?"

"మరి ఎవరిది నాయనా?" అంది కోటేశ్వరమ్మ.

యోగేందర్ నోరు తెరిచాడు. వీధిలో ఇంకో షట్టరు పడింది. నోరు మూసుకున్నాడు.

స్వరూపరాణి అర్జీని చాలాసేపు చూసింది. ఆమెకు సంతకం పెట్టడం తప్ప చదవడం రాదు. అయినా చూసింది. తర్వాత దాన్ని రెండుగా చించి కోటేశ్వరమ్మ చేతిలో పెట్టింది.

"ఏమనుకోకు అమ్మా. ఆయన సాదిన దాన్ని నేను చీకట్ల ఏయిస్తే ఆయనకు మనసున పట్టదు."

యోగేందర్ రెండు చేతులూ జోడించాడు. ఎంగిలి చెయ్యి అన్న ధ్యాస కూడా లేదు. పదహారు రోజుల తర్వాత గుండెల మీద బరువు కాస్త దిగినట్టనిపించింది.

"గానీ ఒక్క షర్తు," అంది స్వరూపరాణి. "ఆయన నౌకరి నాకిస్తమన్నరు. గా పులి కాడనే చేస్త. నేను ముంగట ఉంట. ఎనక మాత్రం నువ్వే ఉండాలె."

"నేనా?"

"నువ్వే. నువ్వుంటె నాకు ధైర్యం. ఆ దినం నువ్వు ఎనక ఉంటె ఆయన బతుకుతుండె."

కోటేశ్వరమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. ఇద్దరు ఆడవాళ్లూ అతని జవాబు కోసం చూస్తున్నారు. యోగేందర్ తలూపాడు.

సమ్మెలో ఉన్నవాడు కనుక రిజిస్టర్లో సంతకం పెట్టకుండా, ఆ రోజు ఎల్బీనగర్ నుంచి నడిచి వెళ్లి జానయ్య వెనక నిలబడి, ఫోన్లో సమ్మె కబుర్లు చెబుతూ గొలుసు వదలకుండానే "పడ్డది" అని కేకేసింది అతనే.