తూర్పు వైపు తల

"తల ఎటు పెట్టావయ్యా పెద్దాయనా?"

సంఘం సెక్రటరీగారి కేకకు గోతిలో ఉన్న మనిషి పార ఆపి పైకి చూశాడు. సమాధుల తోటలో ఆయన్ని అందరూ కొలబద్ద అంటారు. ఆయన తవ్విన గోతిలో రసమట్టం పెట్టి చూసినా నూలుపోగంత తేడా ఉండదని పేరు. ఆ పేరంటే ఆయనకు కాస్త గర్వమే. ఎవరైనా మరిచిపోయి అసలు పేరుతో పిలిస్తే పలకడు కూడా.

"తూర్పుకి," అన్నాడు తాపీగా. గొయ్యి తూర్పు కొసన పెట్టె భుజాలకు సరిపడా వెడల్పుగా, పడమట కాళ్ళ దగ్గర సన్నగా ఉంది.

"ఇక్కడ అందరి కాళ్ళూ కదా తూర్పుకి ఉండేది! కడబూర మోగగానే చనిపోయినవాళ్ళు లేచి నిలబడితే ప్రభువు వచ్చే దిక్కు ఎదురుగా కనబడాలని. ఆ మాట నాకు చెప్పిందే నువ్వు. తల తూర్పుకి పెట్టేది పాస్టర్లకి మాత్రమే, లేవగానే తమ సంఘానికి ఎదురుగా నిలబడాలని. పాటలమ్మ పాస్టరా?"

"కాదు."

"మరి? నాలుగింటికల్లా పెట్టె వచ్చేస్తుంది. ఇవాళ నువ్వు పార పట్టొద్దు, ఇంకో మనిషిని పెడతానంటే విన్నావా?"

"ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఈ తోటలో ఇంకొకరు పార పట్టలేదు సెక్రటరీగారూ. ఇవాళ పట్టనిస్తానా?"

"పూడ్చి మళ్ళీ తవ్వు. ఇంకా రెండు గంటల టైముంది."

"తవ్వను. పాటలమ్మే ఇలా పెట్టమంది. మాటిచ్చాను."

మొండివాడు రాజుకంటే బలవంతుడు. సెక్రటరీగారు తల పట్టుకుని పాస్టరుగారి కోసం వెళ్ళారు.

కొలబద్ద పార చేరగిలబెట్టి అవతలికి చూశాడు. గోతి పాదాల వైపు, సరిగ్గా ఎదురుగా, మూడడుగుల చిన్న సమాధి ఉంది. అది పాటలమ్మ కూతురిది. ఆరేళ్ళకే జ్వరంతో పోయింది. కొలబద్ద తవ్విన మొదటి గొయ్యి అదే. అప్పటికి ఆయన తాపీమేస్త్రి. ఆ రోజు పనివాడెవడో తాగి వచ్చి వంకరటింకరగా తవ్వుతుంటే చూడలేక పార లాక్కున్నాడు. మళ్ళీ వదల్లేదు.

పాటలమ్మ గుడిలో పాట ఎత్తుకుంటే వెనక బెంచీల దాకా మనుషులు నిటారుగా కూర్చునేవారు. ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక ఇక్కడికి వచ్చి, పాప సమాధి మీద గడ్డి పీకేది. ఓసారి అలా పీకుతుంటే కొలబద్ద ఉండబట్టలేక అడిగేశాడు.

"నాలుగొందల మందిని దించాను. ఒక్కళ్ళు లేవగా చూడలేదు. వానలకి మట్టి కుంగినప్పుడల్లా నా గుండె కూడా కుంగుతుంది. నిజంగా లేస్తారంటావా?"

"విత్తనం వేసి రోజూ తవ్వి చూస్తామా? దించేవాడివి నువ్వు, లేపేవాడు వేరే ఉన్నాడు. నీ పని నువ్వు సరిగ్గా చెయ్. ఆయన పని ఆయనకొచ్చు."

కొలబద్ద తనూ వంగి గడ్డి పీకడం మొదలుపెట్టాడు.

కిందటి నెల, ఆస్పత్రిలో చేరబోయే ముందు ఆదివారం, ఆవిడ గడ్డి పీకడం ఆపి ఈ జాగా వైపు చెయ్యి చూపించింది.

"ఏమయ్యా, నన్ను ఇక్కడ పెట్టు. తల తూర్పుకి."

"అది పాస్టర్లకి."

"అదంతా నాకు తెలీదు. పాప లేవగానే ఎదురుగా నా మొహం కనబడాలి."

"పరలోకంలో ఏడుపుండదని నువ్వే పాడతావు కదా. ఇంక భయం దేనికి?"

"భయమెక్కడిది? లేస్తుందని నమ్మకం కాబట్టే అడుగుతున్నా. నమ్మకం లేనిదాన్నైతే నన్ను తలకిందులుగా పాతినా అడిగేదాన్ని కాదు."

కొలబద్ద పగలబడి నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. లేస్తారా లేరా అని తను ముప్ఫై ఏళ్ళుగా తర్జనభర్జన పడుతుంటే, ఆవిడ లేచాక ఎటు తిరిగి నిలబడాలో చూసుకుంటోంది! అంత నమ్మకం ముందు తన అనుమానం ఆయనకే చిన్నదిగా కనిపించింది. ఆ రోజు నుంచి మట్టి కుంగితే కుంగనీ అనుకున్నాడు.

పాస్టరుగారు వచ్చారు. కుర్రవాడు, ఆయనకు మొదటి పాట నేర్పింది పాటలమ్మే. గోతిని చూశారు, చిన్న సమాధిని చూశారు. కొలబద్ద చెప్పిందంతా విన్నారు.

"రూలు రూలే కదండీ," అని నసిగారు సెక్రటరీగారు.

"మందకి ఎదురుగా కాపరి ఉండొచ్చు గానీ, బిడ్డకి ఎదురుగా తల్లి ఉండకూడదా?" అన్నారు పాస్టరుగారు.

సెక్రటరీగారు గొంతు సవరించుకున్నారు. "సరే. రిజిస్టరులో ఏమని రాయను?"

"తల తూర్పు అని రాయండి. కొలత తప్పి కాదు, కావాలనే అని కూడా రాయండి," అన్నాడు కొలబద్ద.

పాస్టరుగారు ఆయన భుజం మీద చెయ్యి వేశారు. "ఇక వెళ్ళి స్నానం చేసి రా పెద్దాయనా. పొద్దుట్నుంచీ పచ్చి మంచినీళ్ళైనా ముట్టలేదట."

"ఇంకొక్కసారి మట్టం చూసి వెళ్తాను," అన్నాడు ఆయన.

నాలుగింటికి పెట్టె వచ్చింది. వెనక సంఘమంతా వచ్చింది. తాతలు, తండ్రులు, పిల్లలు, మూడు తరాల వాళ్ళూ ఆవిడ నేర్పిన పాటే పాడుతున్నారు. చలవ చేసిన తెల్లచొక్కా వేసుకుని, పార పట్టుకుని కొలబద్ద గోతి పక్కన నిలబడ్డాడు. పెట్టె ఎక్కడా గోడకు రాసుకోకుండా దిగింది. ఇన్నేళ్ళలో ఇంత బాగా తను ఏ గొయ్యీ తవ్వలేదని ఆయనకు తెలుసు. తల ఎత్తుకునే ఉన్నాడు.

పాస్టరుగారు ప్రార్థన ముగించి కళ్ళు తెరిచారు.

"మొదటి పిడికెడు మట్టి భర్త వెయ్యాలి," అన్నారు.

కొలబద్ద ముందుకు నడిచాడు.