జవాబు కింద తోక

లెక్కల మాస్టారు జవాబు పత్రాల కట్టను, చచ్చిన ఎలుకను మోసుకొచ్చినట్టు, రెండు వేళ్ళతో పట్టుకొచ్చి బల్ల మీద పడేశారు. కుర్చీ లాక్కోలేదు. పిల్లలకేసి తిరిగి నిలబడ్డారు. వారం సెలవు తర్వాత ఇదే ఆయన మొదటి పీరియడు. పరీక్ష ఆ వారంలోనే జరిగింది.

లెక్క చిన్నదే: x/(x−3) = 3/(x−3) + 2. హారాలు తీసేస్తే x విలువ మూడు అని వస్తుంది. ఆ మూడును తిరిగి లెక్కలో పెడితే కింద సున్నా మిగులుతుంది. అంటే, ఈ లెక్కకు జవాబే లేదు.

నలభై మందీ మూడు అనే రాశారు. నలభై మందీ దాని కింద రెండు గీతలు గీశారు. రెండో గీత చివర నలభై మందీ ఒకే వంకర తోక పెట్టారు.

ఆ తోక చూస్తేనే ఆయనకు రోత. తప్పు చేసినవాణ్ణి ఆయన క్షమించగలరు. ఆ తప్పు వాడి సొంతం. ఎత్తుకొచ్చిన తప్పు ఎంగిలి.

"సున్నాతో భాగించారు. పుచ్చుకునేవాడే లేనిచోట పంచిపెట్టారు. ఛీ. ఎవరిది చూసి రాశారు?"

ఒక్కరూ ఆయన కళ్ళలోకి చూడలేదు. అందరి చూపూ ఆయన భుజం మీదుగా ఎటో పోతోంది. ఆ పొగరు మరింత రోత పుట్టించింది.

"లీడరమ్మా, లే. నువ్వు కూడానా?"

లెక్కల్లో ఎప్పుడూ మొదట నిలిచే పిల్ల లేచింది. "కాపీ కొట్టలేదు మాస్టారూ. నేర్చుకున్నాం."

"నేర్పిన మహానుభావుడెవరో?"

"చెప్పలేను మాస్టారూ."

"అయితే నీ పేరే హెడ్మిస్ట్రెస్ గారికి వెళ్తుంది. ఈ ఏడాది పరీక్షలకు కూర్చోలేవు. ఎందుకమ్మా వాణ్ణి వెనకేసుకొస్తావు? వాడికి లెక్కల్లో ఓనమాలు రావు."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. లీడరు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అలా అనకండి మాస్టారూ."

ఆయన ఆమె పేరు కాగితం మీద రాసి మడిచి జేబులో పెట్టుకున్నారు.

"అసలు పద్ధతేమిటో ఇప్పుడైనా చూసి ఏడవండి" అంటూ సుద్దముక్క తీసుకుని వెనక్కి తిరిగారు.

బోర్డు ఎడమ మూలన, సెలవుకు బయల్దేరే హడావుడిలో ఆయన చేసి చూపించిన అదే రకం లెక్క, జవాబు కింద రెండు గీతలతో, రెండో గీతకు వంకర తోకతో, పైన ఆయన చేత్తోనే రాసిన 'చెరపవద్దు' అన్న మాటతో చెక్కుచెదరకుండా ఉంది.