ముప్పై కిలోల కాఫీ

చెక్కపెట్టె గుమ్మం దగ్గర అడ్డంగా ఇరుక్కుంది. ఆటో జోగయ్య దాన్ని నానా తంటాలు పడి లోపలికి లాగాడు. అందులో ఉన్నది కాఫీ తీసే ఎస్ప్రెస్సో మిషను. ముప్పై కిలోలు. ఏ హోటలుకో అనుకుంటే అదీ కాదు, మొగుడూ పెళ్లాం ఇద్దరే ఉండే ఇంటికి.

చిన్నతల్లికి ఒళ్లు మండింది. కళింగపట్నం నుంచి అరసవల్లిలో తమ్ముడి ఇంటికి వచ్చి ఆమెకి ఇంకా గంట కాలేదు. నాలుగు నెలలుగా వస్తానంటుంటే మరదలు నీలవేణి ఏదో ఒక వంక చెప్పి ఆపుతూ వచ్చింది. అందుకే ఇవాళ చెప్పాపెట్టకుండా దిగింది.

మిషనును వంటగట్టు మీదికి ఎక్కించాలి. జోగయ్య ఒక పక్క, నీలవేణి ఒక పక్క పట్టుకున్నారు. చిన్నతల్లి చెంగు దోపి ముందుకొచ్చింది. చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగిన మనిషి. ఆవిడకి ఇదొక బరువా?

"నువ్వు పట్టుకోకు వదినా" అంది నీలవేణి.

చిన్నతల్లి చెయ్యి వెనక్కి తీసుకుంది. వాళ్ల పేటలో పడవ ఒడ్డుకి లాగుతుంటే దారిన పోయేవాడు కూడా ఓ చెయ్యి వేస్తాడు. వెయ్యొద్దన్నారంటే నువ్వు మా మనిషివి కావని మొహం మీద చెప్పినట్టే. చేతికి చేపల వాసన కాబోలు, తళతళలాడే మిషనుకి అంటుకుంటుందని మరదలి భయం కాబోలు.

తమ్ముడు హరిబాబు కుడిచెయ్యి ఒక్కటే ఆసరా ఇచ్చాడు. ఎడమ చెయ్యి ఒంటికి ఆనించుకునే ఉన్నాడు. మే నెల ఉక్కలో పొడుగుచేతుల చొక్కా, మణికట్టు దాకా గుండీలు. మనిషి నల్లబడ్డాడు, చిక్కిపోయాడు. ఆ చొక్కా కింద ఏ దెబ్బలున్నాయోనని అక్కకి అనుమానం వచ్చింది.

తీరా ఎక్కించాక దాని ప్లగ్గు పెద్దదైంది. గీజరు ప్లగ్గు దాకా జరపాలి. అడుగున గోనె పరిచి లాగమని చిన్నతల్లే దూరం నుంచి చెప్పింది. పని తేలికైంది. అయినా మరదలు మెచ్చుకోలేదు, ఎదురుగా స్టూలు వేసి కూర్చోమంది.

నీలవేణి మిషనుతో వచ్చిన పుస్తకం చూస్తూ నీళ్ల తొట్టె నింపింది. బోరు నీళ్లు పోస్తే లోపల ఉప్పు పేరుకుంటుందట. కొన్న టిన్ను నీళ్లే పోయాలట. రెండున్నర లీటర్లు గడగడా పోసి, మొదటి నీళ్లు పారబోయాలని సగం సింకులోకి వదిలేసింది.

అప్పుడే హరిబాబు దాహమన్నాడు. నీలవేణి టానిక్కు మూతతో నీళ్లు కొలిచి ఇచ్చింది. అతను వాటిని నోట్లో కాసేపు ఉంచుకుని మింగాడు. ఇంకాస్త కావాలన్నట్టు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

రెండేళ్లుగా చిన్నతల్లి రోజూ ఫోన్ చేసి తమ్ముణ్ణి మొదట అడిగే మాట ఒక్కటే, నీళ్లు బాగా తాగుతన్నావా అని. తాగుతన్నానప్పా అని వాడూ అంటూనే ఉన్నాడు. తాగడం అంటే ఇదా? మిషనుకి టిన్నుడు, మొగుడికి మూతెడు.

పోనీ తను తెచ్చిన కొబ్బరిబొండాలైనా కొట్టి ఇద్దామని లేచింది. నాలుగూ జోగయ్య ఆటోలో కనిపించాయి. అమ్మగారే ఇచ్చారని చెప్పి అతను వెళ్లిపోయాడు. ఫ్రిజ్ తీయబోతే దానికి తాళం ఉంది. ఇక చిన్నతల్లికి అనుమానం కాదు, నమ్మకమే కలిగింది.

ఇంతలో మిషను బుసకొట్టింది. నీలవేణి పొడిని పిడి ఉన్న గిన్నెలో వేసి, బలంగా అదిమి, మిషనుకి బిగించింది. నల్లటి చిక్కటి ధార బొమ్మరింటి కప్పంత కప్పులోకి దిగింది. రెండు చెంచాలుంటుందేమో.

"గ్లాసుడు కాఫీ రుచి ఇందులోనే వస్తాది వదినా" అంది నీలవేణి. ఆ మాట అంటుంటే ఆమె మొహం వెలిగింది.

గ్లాసుడు తాగేవాడికి గ్లాసుడు ఇవ్వడానికేం రోగం? హరిబాబు పూటకి చెంబుడు కాఫీ తాగిన మనిషి. ఇప్పుడు ఆ రెండు చెంచాలనీ కళ్లు మూసుకుని చప్పరిస్తున్నాడు. పెళ్లాం వైపు దేవత వైపు చూసినట్టు చూస్తున్నాడు. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. మందు పెట్టేసింది, సందేహం లేదు, మొగుణ్ణి కొంగుకి కట్టుకోవడానికి అందులో ఏదో కలిపి పోసింది.

చిన్నతల్లి కుళాయి తిప్పి చెంబు నిండా నీళ్లు పట్టింది. తమ్ముడి చేతిలో పెట్టింది.

"తాగు. నా కళ్ల ముందర తాగు. తాగీసి, నాతో పేటకొచ్చీ."

హరిబాబు ఆ నీళ్లకేసి ఆశగా చూశాడు. చెంబు పెదవుల దాకా వెళ్లింది. నీలవేణి ఒక్క ఉదుటున వచ్చి లాక్కుంది. నీళ్లన్నీ నేలపాలయ్యాయి.

చిన్నతల్లి చెయ్యెత్తింది. "నువ్వు మనిసివేనేటే? మిషనుకి పోసినన్ని నీళ్లు నా తమ్ముడికి పొయ్యలేవా? సంపేద్దామనేటి?"

నీలవేణి తప్పుకోలేదు. కొడితే కొట్టమన్నట్టు నిలబడి, మొగుడి వైపు చూసి ఏడ్చింది.

"ఇంక నా వల్ల కాదు. మీరే చెప్పండి."

హరిబాబు లేచి అక్క ఎత్తిన చేతిని మెల్లగా కిందికి దించి, తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"అప్పా, నువ్విచ్చిన కిడ్నీ మొన్న సలికాలంలోనే ఆగిపోనాది. తాగిన నీళ్లు ఒంట్లోనే ఉండిపోతన్నాయి."